ఏడున్నర తాళంలో సూర్యుడు

రథసప్తమి సంచికకు సంపాదకీయం రాయడం పెద్ద కష్టమైన పనేం కాదు. నెత్తిన ఏడు జిల్లేడాకులు, వాటిలో రేగుపళ్లు పెట్టుకుని చేసే స్నానం, పిడకల మంట మీద పొంగే పాలు, చిక్కుడాకులో వేడి పరమాన్నం, అరసవల్లి గుడి ముందు బారులు తీరిన జనం, తిరుమలలో ఒక్క రోజులో స్వామి ఎక్కే ఏడు వాహనాలు. ఇవన్నీ వరసగా తలుచుకుంటూ పోతే పేజీ దానంతటదే నిండిపోతుంది. ఏటా అలాగే నిండుతోంది కూడా. ఈసారి ఆ ఆనవాయితీని పక్కనపెట్టి, సూర్యుడి మీద పుట్టిన ఒక ఇంగ్లిషు పాటను, సూర్యుడి పేరు మీద మారిపోయిన ఒక ఊరిని కలిపి చూడాలనిపించింది. పాట బీటిల్స్ బృందానిది: ‘హియర్ కమ్స్ ద సన్’. ఊరు క్యాతగానచెర్లు.

ఊరు కర్ణాటకలో ఉంది, తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో. మ్యాపు తీసి చూస్తే పావగడ తాలూకా ఆంధ్ర కడుపులోకి చొచ్చుకొచ్చినట్టుంటుంది. మూడు వైపులా మన సరిహద్దే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సంతలో రెండూ. పెన్న ఈ తాలూకాలోని నాగలమడికె మీదుగానే మన పేరూరు వైపు దిగుతుంది. దిగుతుంది అనడం మర్యాదకే, ఏడాదిలో చాలా నెలలు అక్కడ కనిపించేది ఇసుక. బోరు వేస్తే నీళ్లు పడవు, పడ్డ నీళ్లలో ఫ్లోరైడు. కరువు తాలూకా అన్న ముద్ర పావగడకు పాతది. అక్కడ ఎప్పుడూ కొదవలేనిది ఎండ ఒక్కటే.

పాట పుట్టిన చోటు సంగతి దీనికి సరిగ్గా ఎదురు. 1969 తొలి నెలల్లో, ఈ పాట రాసిన బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్‌కు అన్నీ ఎదురుదెబ్బలే. జనవరి 10న బృందం వదిలేసి వెళ్లిపోయాడు, రెండు వారాల లోపే తిరిగొచ్చాడు. ఫిబ్రవరిలో గొంతులో టాన్సిల్స్ తీయించుకున్నాడు. మార్చి 12న, అవతల తోటి సభ్యుడు పాల్ మెకార్ట్నీ పెళ్లి జరుగుతున్న రోజున, పోలీసులు హారిసన్ ఇల్లు సోదా చేసి మాదకద్రవ్యాల కేసు పెట్టారు. వీటన్నిటికంటే అతణ్ణి విసిగించినవి కాగితాలు. మేనేజరు బ్రయాన్ ఎప్‌స్టీన్ 1967లో చనిపోయాక నలుగురూ తమ లెక్కలు తామే చూసుకోవలసి వచ్చింది. తామే పెట్టుకున్న ఆపిల్ సంస్థలో రోజూ సమావేశాలు, లాయర్లు, ఇక్కడో సంతకం, అక్కడో సంతకం. బడికి పోతున్నట్టుండేదని తన ‘ఐ, మి, మైన్’ పుస్తకంలో చెప్పుకున్నాడు. ఒకరోజు ఆ బడి ఎగ్గొట్టి సర్రే పల్లెపట్టులోని మిత్రుడు ఎరిక్ క్లాప్టన్ ఇంటికి వెళ్లాడు. క్లాప్టన్ గిటారు ఒకటి అడిగి తీసుకుని తోటలో తిరుగుతుంటే పాట వచ్చేసింది. లండన్ అక్షాంశాల్లో డిసెంబరు పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. అయిదారు నెలలు దుప్పటిలో బతికిన మనిషి ముఖం మీద ఏప్రిల్ ఎండ పడితే ఎలా ఉంటుందో ఆ పాట అలా ఉంటుంది. మనకు శివరాత్రికే చలి శివశివా అంటూ వెళ్లిపోతుంది. ఆ తర్వాత వచ్చేదాని మీద స్వాగతగీతం రాసే ధైర్యం మన కవుల్లో ఎవరికీ లేకపోయింది!

పాట పైకి చాలా చిన్నది, మూడు నిమిషాల పైన కొద్ది క్షణాలు. మాటలు అంతకంటే తక్కువ. పక్కనే ఉన్న ఒక ఆత్మీయ వ్యక్తితో మాట్లాడుతున్న పద్ధతి. చలికాలం ఎంత దీర్ఘమో, ఒంటరిదో చెబుతాడు. ముఖాల మీదికి నవ్వు తిరిగొస్తోందంటాడు. మంచు మెల్లగా కరుగుతోందంటాడు. ఎక్కడా గొంతు పెంచడు. ఎండ వచ్చిందని చాటింపు వేసినట్టుండదు, జ్వరం దిగుతున్న పిల్లాడి నుదురు మీద చెయ్యి వేసి చెప్పినట్టుంటుంది. రాక్ సంగీతం అనగానే చెవులు మూసుకునే పెద్దలు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. వారికి ముందు వినిపించవలసింది ఈ పాట.

తేలిగ్గా వినిపించే ఈ పాటలో అసలు విశేషం మాటల్లో లేదు, నడకలో ఉంది. గిటారు మెడ మీద ఏడో మెట్టు దగ్గర బిగింపు పెట్టి వాయించాడు హారిసన్. అందుకే ఆ తీగలకు మాండలిన్ లాంటి సన్నని మెరుపు. స్వరాలు చాలాసేపు మన శంకరాభరణం మెట్ల మీదే హాయిగా తిరుగుతాయి. తాళం కూడా పిల్లలు చప్పట్లు కొట్టుకునేంత సరళం. అంతలో మధ్యభాగం వస్తుంది. సూర్యుడి పేరునే వెంటవెంటనే పిలుస్తూ, వస్తున్నాడు వస్తున్నాడు అని చెప్పే భాగం. సరిగ్గా ఆ రాకడ దగ్గర పాట కాలు తడబడుతుంది. శంకరాభరణంలో లేని సాధారణ గాంధారం, కైశిక నిషాదం వచ్చి చేరతాయి. అప్పటిదాకా నాలుగేసిగా నడిచిన లెక్క విరిగి, పదకొండు, ఎనిమిది, ఏడు మాత్రల ముక్కలుగా సాగుతుంది. కలిపితే ఇరవై ఆరు. చెయ్యి వేసుకుంటూ విన్నవాడి చెయ్యి గాల్లో ఆగిపోతుంది. డ్రమ్ములు వాయించిన రింగో స్టార్ ఈ సంగతి తరువాత నవ్వుతూ చెప్పేవాడు: పాట ఏడున్నర తాళంలో ఉందని జార్జ్ తనతో అన్నాడట. శాస్త్రప్రకారం ఆ మాట కుదరదు గానీ, విన్నవాడికి కలిగే ఇబ్బందిని అంతకంటే బాగా చెప్పలేం.

ఈ కిటుకు హారిసన్‌కు ఎక్కడ దొరికిందో దాచిపెట్టలేదు. 1966 నుంచి రవిశంకర్ దగ్గర సితార్ నేర్చుకున్నాడు. 1968 జనవరిలో బొంబాయి స్టూడియోలో మన వాద్యకారులతో రికార్డింగు చేయించాడు. ఒక ముక్కను మళ్లీ మళ్లీ చెబుతూ, సమం ఎక్కడ పడుతుందోనని శ్రోతను ఊరించి ఊరించి చివరకు దాని మీదికి దింపడం మన కచేరీల్లో మృదంగ విద్వాంసులు రోజూ చేసే పని, ముక్తాయి. చెక్కభజన గుంపులో అడుగు వేసిన పావగడ కుర్రవాడికి ఈ లెక్క లండన్ శ్రోతకంటే తొందరగా పట్టుబడుతుందని నా నమ్మకం.

సూర్యుడి రాకను ఇలా తడబడుతూ చెప్పడంలో మన పురాణాలకు ఆశ్చర్యం ఉండకూడదు. ఈ పండుగలో మనం మొక్కే రథానికి ఒక్కటే చక్రం, ఏడు గుర్రాలు. తోలేవాడు అనూరుడు, తొడలు లేనివాడు. ఆదిపర్వంలో ఆ కథ ఉంది. కద్రువ గుడ్లు పగిలి నాగులు పుట్టేశాయి, వినత గుడ్లు కదలలేదు. సవతి పిల్లలను చూసి ఓర్చుకోలేక వినత తన గుడ్డు ఒకటి తొందరపడి పగలగొట్టింది. సగమే తయారైన పిల్లవాడు బయటికొచ్చి తల్లిని శపించి, సూర్యుడికి సారథిగా వెళ్లిపోయాడు. ఎదురుచూడలేని తల్లి కన్న అవిటి బిడ్డ తోలితేనే రోజూ మనకు తెల్లవారుతోంది. సర్రే తోటలోని పాటకూ ఈ కథకూ ఏ చుట్టరికమూ లేదు, తెలిసి రాశాడని కూడా ఎవరూ అనరు. అయినా ఆ మధ్యభాగం విన్నప్పుడల్లా నాకు రథం కుంటుతున్నట్టే వినబడుతుంది. వెలుగు రావడం ఖాయమే. సాఫీగా రావడం మాత్రం ఖాయం కాదు.

రికార్డింగు కూడా సాఫీగా లేదు. 1969 జులై 7న మొదలుపెట్టినప్పుడు జాన్ లెనన్ లేడు, స్కాట్లండులో కారు ప్రమాదంలో తగిలిన దెబ్బల నుంచి ఇంకా కోలుకుంటున్నాడు. మిగిలిన ముగ్గురే వాయించారు. ఆగస్టులో నిర్మాత జార్జ్ మార్టిన్ వయొలాలు, చెల్లోలు, వేణువులు, క్లారినెట్లు చేర్చాడు. హారిసన్ తాను కొత్తగా కొన్న మోగ్ సింథసైజరు తెచ్చి, తడబడే మధ్యభాగం కింద దాని ధ్వనిని మెట్టుమెట్టుగా పైకి ఎక్కించాడు. కరెంటుతో పలికే వాద్యం అది, అప్పట్లో కొత్త వింత. సూర్యుడి పాటలో వెలుగు పెరుగుతున్న చోట వినిపించేది ఆ కరెంటే. సెప్టెంబరు 26న ‘అబీ రోడ్’ రికార్డులో రెండో వైపు మొదటి పాటగా వచ్చింది. లెనన్–మెకార్ట్నీల నీడలో ఏళ్ల తరబడి రికార్డుకు ఒకటో రెండో పాటలతో సరిపెట్టుకున్న మూడోవాడి పాట ఇది. ఇవాళ ఆన్‌లైన్‌లో బీటిల్స్ పాటలన్నిటిలోకి ఎక్కువమంది వినేది ఇదే. స్పాటిఫైలో 2023లోనే వంద కోట్లు దాటింది.

ఇప్పుడు దీన్ని క్యాతగానచెర్లులో వినిపించాలి. అక్కడ చలికాలం గట్టిగా రెండు నెలలు. అత్యంత చిన్న పగలు కూడా పదకొండు గంటలకు తగ్గదు. మంచు కరగడం అన్న మాటకు ఆ ఊరి అనుభవంలో చోటు లేదు. అక్కడివారు దీర్ఘంగా, ఒంటరిగా గడిపినవి ఎండాకాలాలు. ఎదురుచూసింది మబ్బు కోసం. వాన రాకపోతే కప్పను రోకలికి కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిప్పి చెంబెడు నీళ్లు పోయించుకోవడం రాయలసీమ పల్లెలన్నిటికీ తెలుసు. విరాటపర్వం చదివిస్తే వాన పడుతుందని పెద్దలు పురాణం పెట్టించేవారు. అనంతపురం పల్లెల్లో వాయించే వాద్యం పేరే ఉరుము. విద్వాన్ విశ్వం 1950ల్లో ‘పెన్నేటి పాట’ రాసింది ఈ నది గురించే, ఈ ఎండ గురించే. అందులో రంగడు, గంగమ్మ అనే దంపతుల బతుకు ఎండిన పెన్న ఒడ్డున ఎలా గడిచిందో చదివినవారికి, సూర్యుణ్ణి రమ్మని పిలిచే పాట ఈ గడ్డ మీద ఎంత విడ్డూరమో వేరే చెప్పనక్కర్లేదు.

పావగడ పట్నంలో అందరికీ తెలిసిన గుడి ఎవరిదో చూడండి. శనిమహాత్ముడిది. శనివారమైతే హిందూపురం, మడకశిర, అనంతపురం వైపుల నుంచి జనం తరలివస్తారు. తైలాభిషేకాలు, నల్లనువ్వులు, ఏలినాటి శని పట్టినవారి ప్రదక్షిణలు. శని ఎవరి కొడుకు? సూర్యుడికీ ఛాయకూ పుట్టినవాడు. ఏలినాటి శని ఎన్నేళ్లు? ఏడున్నర. రింగో చెప్పిన లెక్క ఇక్కడ ఎవరికీ వింతగా తోచదు. అదే గుడిలో శీతలాదేవి కూడా ఉంది. కరువు తీరాలని, ఊరు చల్లబడాలని ఆమెను కొలిచారని స్థలపురాణం. ఎండ మండే ఊరు తండ్రిని వదిలేసి కొడుకును శాంతింపజేసుకుంటోందంటే, అది తెలివైన పనే.

పాట అర్థం వాతావరణాన్ని బట్టి మారుతుందని చెప్పి ఊరుకోవచ్చు. దివిసీమలో 1977 నవంబరు ఉప్పెన తర్వాత పొడిచిన ఎండ వేరు, పావగడలో ఏప్రిల్ ఎండ వేరు. ఈ పాటే 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ సహాయ కచేరీలో పాడినప్పుడు మరోలా వినిపించింది. తుపానుతో, యుద్ధంతో కోట్లమంది నిలువనీడ లేనివారైన కాలం అది. రవిశంకర్ అడిగితే హారిసన్ పూనుకుని ఏర్పాటు చేసిన కచేరీ. వేదిక నిండా హేమాహేమీలున్నా, ఈ పాటకు మాత్రం మిగతా వాద్యకారులందరినీ ఆపి, బాడ్‌ఫింగర్ బృందానికి చెందిన పీట్ హామ్ ఒక్కణ్ణి పక్కన నిలబెట్టుకున్నాడు. వాద్యాలు రెండు గిటార్లు, అంతే. స్టూడియోలో చేర్చిన వేణువులు లేవు, మోగ్ లేదు. ఊరడింపు ఊరడింపులా నిలబడింది. అదే ఏడు అమెరికన్ గాయని నీనా సిమోన్ తన రికార్డుకు ఈ పాట పేరే పెట్టుకుంది. ఆమె గొంతులో ఇది పియానో వెంట నిదానంగా, కొంచెం అలసటగా నడుస్తుంది. సూర్యుడు వచ్చాడని ఆమె నమ్మినట్టే ఉంటుంది, ఇంతకుముందు కూడా ఇలాగే వచ్చి వెళ్లిన సంగతి మరవనట్టూ ఉంటుంది. క్యాతగానచెర్లులో వినిపించడానికి నన్ను ఎంచుకోమంటే సిమోన్‌నే ఎంచుకుంటాను.

అయితే ఆ ఊరికి సూర్యుడు నిజంగానే ఒకసారి కొత్తగా వచ్చాడు. కాగితం మీద వచ్చాడు.

కేంద్ర సౌరవిద్యుత్ సంస్థ సెకీ, కర్ణాటక పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడల్ కలిసి 2015లో కర్ణాటక సోలార్ పవర్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌ను స్థాపించాయి. తిరుమణి, బలసముద్రం, క్యాతగానచెర్లు, వల్లూరు, రాయచెర్లు: ఈ అయిదు గ్రామాల పొలాల్లో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు. 2018 మార్చి 1న అప్పటి ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మొదటి దశను ప్రారంభించి ‘శక్తి స్థల’ అని పేరు పెట్టారు. 2019 చివరికి పార్కు పూర్తయింది. ప్రపంచంలో అతి పెద్దవాటిలో ఒకటని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి. భూమిని ప్రభుత్వం కొనలేదు, లాక్కోలేదు. గుత్తకు తీసుకుంది. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్లకోసారి అయిదు శాతం పెంపు, గడువు 28 ఏళ్లు. సుమారు 2,300 మంది రైతులు సంతకాలు పెట్టారు.

ఈ ఏర్పాటును తీసిపారేయడం అన్యాయం. చెనక్కాయ వేసి, విత్తనం ఖర్చు కూడా రాని ఏళ్లు వరసగా చూసినవాడికి, వాన పడినా పడకపోయినా బ్యాంకులో పడే డబ్బు చిన్న విషయం కాదు. భూసేకరణ పేరుతో మన రెండు రాష్ట్రాల్లో జరిగిన గొడవలతో పోలిస్తే భూమి పేరు రైతు మీదే ఉండటం పెద్ద మెరుగు. అప్పులు తీర్చినవారున్నారు, ఇల్లు కట్టుకున్నవారున్నారు, పిల్లలను బెంగళూరులో చదివించినవారున్నారు. పదెకరాలు ఉన్న ఆసామికి ఏడాదికి రెండు లక్షల పైచిలుకు. ఆయన ఈ పాట వింటే తల ఊపుతాడు.

రెండెకరాలు ఉన్నాయనకు మొదటి ఏడు వచ్చింది 42,000, అంటే నెలకు మూడున్నర వేలు. రెండేళ్లకోసారి అయిదు శాతం చొప్పున పెంచుకుంటూ పోతే గుత్త చివరి దశలో ఎకరాకు వచ్చేది సుమారు 39,600. ఇరవై ఎనిమిదేళ్లలో రెట్టింపు కూడా కాని ఆదాయం ఇది. బియ్యం ధర, ఆస్పత్రి ఖర్చు, కాలేజీ ఫీజు ఆ వేగంతోనే పెరుగుతాయని సంతకం పెట్టినవారికి ఎవరైనా హామీ ఇచ్చారా? ఎకరం కూడా లేనివాడికి వచ్చింది సున్నా. పావగడ పల్లెల్లో చెనక్కాయ పొలమంటే దుక్కి, విత్తనం, కలుపు, పీకుడు, కాయ కోత: ఒక్కో దానికి ఒక్కో గుంపు కూలీలు, ఎక్కువమంది ఆడవాళ్లు. పొలం సౌర పలకల అద్దాల కిందికి పోయాక ఆ గుంపులకు పిలుపు లేదు. బీళ్లలో తిరిగే గొర్రెల మందకు కంచె అడ్డం వచ్చింది, చాలామంది మందలు అమ్ముకున్నారు. పార్కులో ఉద్యోగాలు లేకపోలేదు. కాపలా, గడ్డి కోత, పలకలు కడగడం. ఎన్ని పొలాల కూలీకి అవి సరిపోతాయో చూడటానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు.

ఆ పలకలను దగ్గరగా చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ముదురు నీలం అద్దాలు, దక్షిణానికి వాలి, నడుమెత్తు కంబాల మీద, చూపు ఆనినంత మేర వరసలు. మిట్టమధ్యాహ్నం అద్దం మీద చెయ్యి పెట్టలేం. వంగి కిందికి చూస్తే నీడ. ఈ తాలూకాలో ఇంత నీడ ఎప్పుడూ లేదు. సూర్యుడి భార్య ఛాయ వచ్చి 13,000 ఎకరాల్లో కాపురం పెట్టినట్టే. ఆ నీడలో గడ్డి బాగా మొలుస్తుంది, గడ్డి పెరిగితే పలకలకు అడ్డం, కనుక కోయాలి. ఒకప్పుడు చెనక్కాయలో కలుపు తీసిన చేతులు ఇప్పుడు అద్దాల కింద కలుపు తీస్తున్నాయి. పైన తయారయ్యే కరెంటు పెద్ద స్తంభాల మీదుగా గ్రిడ్డులో కలిసి బెంగళూరు వైపూ, ఇంకా అవతలికీ పోతుంది.

హారిసన్ పాటను నేను మళ్లీ తెరిచింది ఇక్కడే. కాగితాల నుంచి, సంతకాల నుంచి పారిపోయిన మనిషికి తోటలో ఎదురైన సూర్యుడు ఆ పాటలోనివాడు. ఎవరి పేరునా లేనివాడు. అందుకే ఆ ఊరడింపుకు బరువు. నుదుటి మీద పెట్టిన చెయ్యికి బదులు ఏమీ అడగడం లేదు. కాగితాలు మాత్రం ఆ పాటను వదల్లేదు. న్యూయార్క్ వేదిక మీద పక్కన నిలబడి వాయించిన పీట్ హామ్, తన బృందం సంపాదన ఒప్పందాల చిక్కుల్లో ఇరుక్కుని చేతికందక, 1975లో ఇరవై ఏడేళ్ల వయసులో ప్రాణం తీసుకున్నాడు. 1977లో వోయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపే బంగారు పూత రికార్డులో ఈ పాటను చేర్చాలని ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సేగన్ బృందం అనుకుంది. బీటిల్స్ నలుగురూ ఒప్పుకున్నా, హక్కులు వాళ్ల చేతుల్లో లేకపోవడంతో చేర్చలేకపోయామని సేగన్ రాశాడు. సూర్యమండలం దాటి పోయే నౌకలో సూర్యుడి పాటకు చోటు దొరకలేదు. యాభై అయిదు భాషల పలకరింపులకు దొరికింది. వాటిలో తెలుగు ఉంది, కన్నడమూ ఉంది. క్యాతగానచెర్లు ఇంట్లో మాట్లాడేదీ బడిలో చదివేదీ రెండూ నక్షత్రాల వైపు పోతున్నాయి, ఎవరి సంతకమూ అడ్డం పడలేదు.

కాగితం చెడ్డదని అనడం లేదు. కాగితం లేకపోతే రైతు భూమి ఎప్పుడో చేతులు మారేది. కాగితానికి ఎకరా కనిపిస్తుంది, మనిషి కనిపించడు. అదే దాని లోపం. పహణిలో, అంటే భూమి రికార్డులో, పేరున్నవాడు గుత్త పుచ్చుకుంటాడు. పహణిలో ఎన్నడూ లేని కూలి మనిషి ఆ పొలంలో ముప్పై ఏళ్లు వంగి పనిచేసినా, పత్రం ప్రకారం అక్కడ ఎప్పుడూ లేదు. పాటలో ఊరడించేవాడు పక్కన ఎవరున్నారో చూసి మాట్లాడతాడు. ఏడాది గుత్త లెక్క కట్టేవాడు జాబితా చూసి మాట్లాడతాడు. అంతా సర్దుకుంటుందని పాట చెబుతుంది, ప్రారంభోత్సవ ఉపన్యాసాలూ చెబుతాయి. వినేవాడికి మాత్రం ఆ రెండూ ఒకటి కావు.

ఇంకో సంగతి. ఆ పాట ఊరడింపు మాటతో ముగిసిపోదు. ఆ మాట చెప్పిన తర్వాత గిటారు మళ్లీ అదే విరుపు నడకలోకి వెళుతుంది, కుంటుతూ నాలుగడుగులు వేసి అప్పుడు ఆగుతుంది. పెళ్లిళ్లలో, ప్రకటనల్లో, విమానాశ్రయాల్లో ఈ పాటను వాడుకునేవారు సాధారణంగా ఆ చివరి ముక్కను కత్తిరిస్తారు. సంబరానికి అది అడ్డం. పార్కు గురించి రాసినవాటిలోనూ ఇదే కత్తిరింపు కనిపిస్తుంది. మెగావాట్లు, ఎకరాలు, ఆకాశం నుంచి తీసిన నీలి ఫొటోలు. పక్క ఊళ్లలో కూలికి బెంగళూరు బస్సెక్కినవాళ్లు ఫొటోలో పడరు.

గుత్త గడువు 2045 ప్రాంతంలో ముగుస్తుంది. సంతకం పెట్టిన ఏడు పుట్టిన పిల్లలకు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లు. భూమి తిరిగి చేతికొస్తే ఆ మట్టిలో ఏ కార్తెకు ఏ విత్తనం వేయాలో వాళ్లకు చెప్పే తాత ఉంటాడా అన్నది ఒక ప్రశ్న. గుత్త పొడిగిస్తే ఏ ధరకు, ఎవరితో మాట్లాడి అన్నది మరొకటి. ఇప్పుడే తేల్చగలిగింది మాత్రం ఒకటుంది. పార్కు వల్ల పని పోయిన భూమిలేని కుటుంబాలకు, గొర్రెల కాపరులకు కరెంటు అమ్మకం రాబడిలో ఏటా కొంత వాటా, ఎకరాతో సంబంధం లేకుండా, ఇంటి లెక్కన ఇవ్వాలి. ఊళ్లో ఎవరి పొలంలో ఎవరు పనిచేశారో చెప్పడానికి సర్వే నంబర్లు అక్కర్లేదు, అయిదు గ్రామాల పంచాయతీలకూ ఆ పేర్లు నోటికి వచ్చు. రెండేళ్లకోసారి పెంపు రాయడానికి ఎలాగూ ఆ పత్రాన్ని తెరుస్తారు. తర్వాతిసారి తెరిచిన రోజునే రైతుల పట్టిక కింద ఇంకో పట్టిక మొదలుపెట్టవచ్చు.